పాత సిమెంటు రేకుల్ని సుత్తితో పగలగొట్టి దించొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

ఎండలు ముదరకముందే ఇంటి మీద పాత సిమెంటు రేకులు తీసేసి రంగు రేకులు వేసుకోవడమో, చేతిలో డబ్బుంటే స్లాబ్ పోసుకోవడమో మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఊరూరా జరగతా ఉంది. మంచిదే, రోహిణి కార్తెలో ఆ రేకుల కింద మధ్యాహ్నం పూట పడుకున్నోళ్ళకి తెలుసు ఆ ఉడుకు ఎట్లుంటదో. కానీ వాటిని దించే పద్ధతి చూస్తుంటే నాకు భయంగా ఉంది, అందుకే ఈ ఉత్తరం. ఒకతను పైకెక్కి సుత్తితో కొట్టతా పోతాడు, రేకు ముక్కలై కింద పడతది, కింద ఆడకూలీలు చీర కొంగు నోటికి అడ్డం కట్టుకుని ఆ ముక్కల్ని తట్టల్లోకి ఎత్తతారు, చివర్లో మిగిలిన పొడిని చీపురుతో చిమ్మేస్తారు, ఆ దుమ్మంతా వాళ్ళ మొహాల మీదికే లేస్తది, ఇంటి పిల్లలు అక్కడక్కడే తిరగతా ఉంటారు. నేను కావలి చుట్టుపక్కల చిన్న చిన్న ఇళ్ళ పనులకి సైట్ సూపర్‌వైజర్‌గా పోతా ఉంటాను, ఇది రోజూ కళ్ళతో చూసేదే.

ఆ రేకుల్లో ఉండేది ఆస్బెస్టాస్. అది రాయే, కానీ నారలాగా పోగులు పోగులుగా చీలతది. మామూలుగా రేకులో దాని వంతు సుమారు పదో వంతు, మిగతాదంతా సిమెంటు, ఫ్లైయాష్ లాంటివి. సిమెంటు గట్టిగా పట్టుకుని ఉన్నంతసేపూ ఆ పోగులు పెద్దగా బయటికి రావు, పగలగొట్టినప్పుడు, కోసినప్పుడు, డ్రిల్లు వేసినప్పుడు, గీకినప్పుడు గాల్లో కలుస్తాయి. కంటికి కనపడవు, వాసన రాదు, గంటల తరబడి గాల్లోనే తేలతా ఉంటాయి, ఊపిరితిత్తుల్లోకి పోయినవి అంత సులువుగా బయటికి రావు. వాటివల్ల ఊపిరితిత్తులు గట్టిపడి ఆయాసం వచ్చే ఆస్బెస్టాసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, ఊపిరితిత్తుల పైపొరకి వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ వస్తాయని ఎప్పుడో తేలిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆస్బెస్టాస్ అన్ని రకాలనీ మనుషులకి క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి గ్రూపులోనే పెట్టింది, మన రేకుల్లో వాడే తెల్ల రకం కూడా అందులోదే.

ఇది చెప్తే మేస్త్రీలు ఒకటే మాట అంటారు, "ముప్పై ఏళ్ళ నుంచి దించతా ఉన్నాం సార్, ఏమన్నా అయిందా మాకు?" అని. అయ్యా, ఈ జబ్బుతో వచ్చిన చిక్కే అది. దుమ్ము ఇవాళ పీలిస్తే జబ్బు 20 ఏళ్ళకో 40 ఏళ్ళకో బయటపడతది. 1995లో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ ఆరోగ్య రికార్డులు పనిలో చేరినప్పటి నుంచి 40 ఏళ్ళు గానీ, పని మానేశాక 15 ఏళ్ళు గానీ, ఏది ఎక్కువైతే అంతకాలం దాచమని తీర్పు చెప్పింది. అన్నేళ్ళు ఊరికే దాచమనలేదు గదా. ఫ్యాక్టరీలో రేకు తయారు చేసినోళ్ళకి కాగితం మీదైనా ఆ రక్షణ ఉంది, అదే రేకుని కావలిలోనో కందుకూరులోనో సుత్తితో పగలగొట్టే కూలీ మనిషికి ఏ రికార్డూ లేదు, రేపు ఆయాసం వస్తే అది దేనివల్లో చెప్పేవాడు కూడా ఉండడు. బీడీలు, సిగరెట్లు తాగేవాళ్ళకైతే రెండూ కలిసి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరగతది. దగ్గు, ఆయాసం అని నెల్లూరు, ఒంగోలు పెద్దాసుపత్రులకి పోయేవాళ్ళు డాక్టర్ అడిగినా అడక్కపోయినా నేను రేకుల పని చేసినానయ్యా అని నోరు తెరిచి చెప్పాలి.

ఇదంతా చదివి రేకుల ఇళ్ళల్లో ఉండేవాళ్ళు కంగారు పడొద్దు. పగుళ్ళు లేకుండా గట్టిగా ఉన్న రేకుల కింద ఉన్నంత మాత్రాన ఇల్లు ఖాళీ చేయాల్సిన పని లేదు. వాటిని కదిలించకుండా ఉంటే చాలు. కానీ మనవాళ్ళు కదిలిస్తారు, ఎండాకాలం చల్లగా ఉంటదని పైన సున్నమో తెల్ల పెయింటో కొట్టే ముందు పాచిని ఇనప బ్రష్షుతో గీకతారు, ప్రెషర్ మోటారు పెట్టి కడగతారు, ఫ్యాన్ కొక్కేనికో డిష్ వైరుకో డ్రిల్లు వేస్తారు, కొత్త గొట్టం పెట్టడానికి కటింగ్ మిషన్‌తో బొక్క కోస్తారు. కటింగ్ మిషన్ అన్నిటికన్నా ఘోరం, ఇల్లంతా తెల్లగా పొడి కమ్మేస్తది. ఉదయగిరి, కనిగిరి వైపైతే కోతులు ఎగిరి పగలగొడతాయి, దానికి మనం చేయగలిగింది తక్కువే, పగిలిన రేకుని మాత్రం అట్లనే వదిలేయకండి.

దించక తప్పనప్పుడు ఎట్ల దించాలో చెప్తాను, ఇది ఏమంత ఖర్చయ్యే పని కాదు. ముందు పిల్లల్ని, ముసలివాళ్ళని పక్కింటికి పంపించి, ఇంట్లో బియ్యం డ్రమ్ములు, మంచాలు, బట్టలు బయట పెట్టడమో ప్లాస్టిక్ పట్ట కప్పడమో చేయాలి. రేకుల మీద రెండు వైపులా నీళ్ళు బాగా చల్లాలి, ధారగా కొట్టకుండా తోటకి చల్లే స్ప్రేయర్‌తో, ఆ నీళ్ళల్లో కాస్త గిన్నెలు తోమే లిక్విడ్ కలిపితే తడి బాగా పడతది. కరెంటు మెయిన్ ఆపేసిన తర్వాతే ఇదంతా. ఆ తర్వాత రేకుల్ని దూలాలకి బిగించిన జె హుక్కుల (వంకర బోల్టుల) నట్లు విప్పాలి, మనది సముద్రపు గాలి కాబట్టి చాలావరకు తుప్పు పట్టి తిరగవు, అప్పుడు రేకుని పగలగొట్టకుండా బోల్ట్ కట్టర్‌తో హుక్కునే కత్తిరించాలి, గ్రైండర్ పెట్టొద్దు. రేకు మీద నేరుగా కాలు పెట్టొద్దు, పాత రేకు మనిషి బరువు ఆగదు, అందులోనూ తడి రేకు జారతది, రేకు విరిగి పైనుంచి పడిపోయే ప్రమాదం కూడా తక్కువదేం కాదు, కింద దూలాల మీద ఆనేట్టు పలకలు పరుచుకుని, నడుముకి తాడు కట్టుకుని పని చేయాలి. రేకుని పూర్తి రేకుగానే ఇద్దరు పట్టుకుని తాడుతో కిందికి దించాలి, విసిరేయకూడదు.

ముక్కుకి కట్టుకునే కర్చీఫ్, కొంగు, కరోనా టైంలో వాడిన నీలం మాస్కు ఇవేవీ ఆ పోగుల్ని ఆపవు. ఎఫ్‌ఎఫ్‌పీ3 లేదా పీ100 అనే రకం మాస్కు కావాలి, అది కూడా మొహానికి అంటుకుని ఉండాలి. పని అయ్యాక చీపురు తీయొద్దు, ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డని కూడా కవర్లో వేసి కట్టేయాలి. పని చేసిన బట్టలతో ఇంటికి పోకూడదు, స్నానం చేయాలి, ఆ బట్టలు ఇంట్లోవాళ్ళ బట్టలతో కలిపి ఉతకొద్దు. ఇది అతి జాగ్రత్త అనుకోవద్దు, వేరే దేశాల్లో ఆస్బెస్టాస్ పనివాళ్ళ బట్టలు ఉతికిన భార్యలకి కూడా క్యాన్సర్ వచ్చింది.

రేకులే కాదు, పాత ఇళ్ళల్లో వాన నీళ్ళ గొట్టాలు, సిమెంటు తొట్లు, పొగ గొట్టాలు, ఫాల్స్ సీలింగ్ షీట్లు కూడా దీంతో చేసినవి ఉంటాయి. ఆస్బెస్టాస్ లేకుండా చేసిన రేకులు కూడా మార్కెట్లో ఉన్నాయి గానీ చూసి ఎవరూ తేడా చెప్పలేరు, ల్యాబ్‌లోనే తేలతది, కాబట్టి పాతదైతే ఉందనే అనుకుని పని చేయడం మేలు.

ఇప్పుడు అసలు సమస్యకొస్తాను. ఇంత జాగ్రత్తగా దించినా ఆ రేకుల్ని ఎక్కడ పెట్టాలి? పగిలినవి రోడ్డు గుంటల్లో పోస్తా ఉన్నారు, పునాదుల్లో నింపతా ఉన్నారు, బాగున్నవాటిని సెకండ్ హ్యాండ్‌లో గొడ్ల పాకలకి, రొయ్యల గుంటల దగ్గర కాపలా షెడ్లకి కొనుక్కుపోయి మళ్ళీ కొత్త బొక్కలు వేస్తా ఉన్నారు. కొనేవాళ్ళని తప్పు పట్టలేను, చేతిలో డబ్బుల్లేకే కొంటారు. మున్సిపాలిటీ బండికి ఇస్తే పారిశుధ్య కార్మికులు వాటిని చేత్తో నొక్కి సర్దతారు, వాళ్ళ ఊపిరి ఊపిరి కాదా? 2016 ప్రమాదకర వ్యర్థాల రూల్స్‌లో ఆస్బెస్టాస్ పేరు ఉంది, కానీ అది ఫ్యాక్టరీలని దృష్టిలో పెట్టుకుని రాసింది. ఇట్లాంటి వ్యర్థాల్ని పాతిపెట్టే కేంద్రం విశాఖ దగ్గర పరవాడలో ఉంది, పామూరులో రేకుల షెడ్డు తీసే మనిషి అంతదూరం ఎట్ల తీసుకుపోతాడు?

60కి పైగా దేశాలు దీన్ని పూర్తిగా ఆపేశాయి. మన పక్కనే కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు ఆస్బెస్టాస్ తవ్వేవాళ్ళు, తర్వాత దేశంలో కొత్త గనుల లీజులు ఇవ్వడం మానేశారు, కానీ సరుకు విదేశాల నుంచి తెప్పించి రేకులు మాత్రం ఇంకా చేస్తా ఉన్నారు, అమ్మతా ఉన్నారు. నిషేధం ఎప్పుడొస్తదో నా చేతిలో లేదు, జిల్లా స్థాయిలో ఇప్పుడే చేయగలిగింది అడగతా ఉన్నాను. నెల్లూరు, ఒంగోలు కార్పొరేషన్లు, కావలి, గూడూరు, కందుకూరు, మార్కాపురం లాంటి మున్సిపాలిటీలు ఊరికొక చోట తాళం వేసిన షెడ్డు పెట్టి, మందపాటి ప్లాస్టిక్ షీట్‌లో రెండు పొరలు చుట్టి తెచ్చిన పాత రేకుల్ని డబ్బులు తీసుకోకుండా తీసుకోవాలి, లారీ నిండాక పరవాడకి పంపాలి. పల్లెల్లో సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంట్లకి ఒక పూట ట్రైనింగ్ ఇస్తే ఇల్లు కట్టే ప్రతి కుటుంబానికి వాళ్ళే చెప్తారు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి నిధులున్నవి కార్మికుల కోసమే గదా, రేకుల పనికి పోయేవాళ్ళకి సరైన మాస్కులు అందులోంచి ఇవ్వొచ్చు.

తుఫాన్ల సంగతి కూడా అధికారులు గుర్తు పెట్టుకోవాలి. 2023 డిసెంబర్‌లో వచ్చిన మిచాంగ్ తుఫాను లాంటిది మళ్ళీ వచ్చినప్పుడు గాలికి పగిలిన రేకులు వీధుల్లో పడతాయి, అవి వానకి తడిసి ఉన్నప్పుడే ఏరేస్తే దుమ్ము లేవదు, రెండు రోజులు ఎండనిచ్చి తర్వాత జేసీబీతో ఎత్తితే ఊరంతా పీలుస్తది. తుఫాను ముందు కలెక్టర్ ఆఫీసుల్లో జరిగే మీటింగుల్లో చెట్లు కోసే మిషన్లు, జనరేటర్లతో పాటు ప్లాస్టిక్ షీట్లు, మంచి మాస్కులు కూడా లిస్టులో రాయించాలని మా జిల్లాల కలెక్టర్లని మీ పత్రిక ద్వారా కోరతా ఉన్నాను.

ఇట్లు,
ఒక సైట్ సూపర్‌వైజర్, కావలి