కేసులో రెండు రకాల కాగితాలకే సీలు అడిగాను

చిక్కడపల్లిలో మా పచ్చళ్ల దుకాణానికి ఏళ్లుగా వస్తున్న మీకు ఈ సంగతి నేనే ముందు చెప్పాల్సింది. ఈసారి ఆవకాయ ఏదని అడిగిన వారందరికీ ‘మిరపకాయ కుదరలేదమ్మా’ అని తేల్చేశాను. ఇప్పుడేమో ‘కోర్టుకెక్కిందట, కాగితాలు దాచమని అడిగిందట, లోపల ఏముందో’ అన్న మాట నా చెవినే పడింది.

8 ఏళ్లుగా మాకు ఎండుమిర్చి ఇస్తున్న వ్యాపారి డబ్బు ముందే తీసుకుని, మార్చిలో 14 బస్తాలు దింపాడు. మంచి కాయ ఊపితే గింజలు గలగలమంటాయి, వంచితే ఫటుక్కున విరుగుతుంది. ఇది తోలులా వంగింది. తొడిమ తీసి చీలిస్తే లోపల బూడిదరంగు బూజు. ఎండుమిర్చిలో తేమ 11 శాతం మించకూడదని ఆహార భద్రత నిబంధన. పరీక్ష చేయిస్తే 16 వచ్చింది. సరుకు మార్చలేదు, డబ్బు తిరిగి ఇవ్వలేదు. రాజీ కుదరక కమర్షియల్ కోర్టుకు వెళ్లాం.

పోయిన పచ్చడి ఎంతో చెప్పాలంటే ఎంత కారానికి ఎంత పచ్చడి దిగుతుందో చూపాలి. అది మా అత్తగారి నోటు పుస్తకంలో ఉంది, పసుపు మరకలతో సహా. జిరాక్స్ దుకాణంలో కుర్రాడు పేజీని అద్దం మీద పెడుతూ ‘మెంతులు ఇంతేనా అమ్మా?’ అని గట్టిగా అడిగాడు. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. పుస్తకం లాక్కుని వచ్చేశాను.

కాగితాలన్నీ సీల్డ్ కవర్లో పెడదామన్నారు మా వకీలుగారు. మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. అన్నీ మూసేస్తే బూజు సంగతీ మూతపడుతుంది, రేపు మీరే మా సరుకును అనుమానిస్తారు. చివరికి వద్దన్నాను. ఒప్పందం, పరీక్ష ఫలితం, నష్టం మొత్తం దస్త్రంలో తెరిచే ఉంటాయి. పాళ్లు రాసిన పేజీలు, టోకుగా కొనేవారి పేర్లూ ధరలూ మాత్రం బయటికి రాకూడదని అడిగాం. ఆ వ్యాపారి మా పోటీదారుకూ మిర్చి ఇస్తాడు మరి.

జడ్జిగారొక్కరే చూడాలనీ అడగలేదు. అవతలి పక్షానికి చూపకుండా ఇచ్చే సీల్డ్ కవరు సహజ న్యాయానికి విరుద్ధమని 2023 ఏప్రిల్‌లో ఒక టీవీ ఛానెల్ కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. వారి వకీలు, ఒక లెక్కల నిపుణుడు ‘బయటపెట్టబోం’ అని రాసిచ్చి చూడవచ్చు, వ్యాపారి చూడకూడదు అన్నదే మా అర్జీ. ఇలాంటి ఏర్పాటు ఢిల్లీ హైకోర్టు 2018 నియమాల్లో ఉంది, మా వకీలుగారు దాన్నే చూపారు. వ్యాపార రహస్యాలకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. 2024లో లా కమిషన్ ముసాయిదా ఇచ్చింది, అంతే. మా అర్జీ ఇంకా విచారణలో ఉంది.

‘అందరూ పెట్టే ఆవకాయేగా, అందులో రహస్యమేముంది’ అని ఆ వ్యాపారి ఫోను చేశాడు. అందరూ పెట్టేదే అయితే ఆ పేజీల కోసం అంత తాపత్రయం ఎందుకో!

మీరు తినేదేమిటో సీసా మీదే ఉంది, బరువులో ఎక్కువున్నది ముందు, తక్కువున్నది వెనక. అందులో దాపరికం లేదు. ఆ 14 బస్తాల్లో ఒక్క కాయ కూడా మీ సీసాలోకి రాలేదు. కందిపొడి, నల్లకారం ఎప్పటిలా ఉన్నాయి. ఆవకాయకు ముందే డబ్బు కట్టినవారు ఆదివారం తప్ప ఏ రోజైనా వచ్చి మీ డబ్బు వెనక్కి తీసుకోండి. రసీదు పోయినా ఫరవాలేదు, మీ పేర్లు నా దగ్గర రాసి ఉన్నాయి.