పాత నోటుకు లక్షలంటూ రాయకండి

సంపాదకులకు నమస్కారం.

ట్రాక్టరు బొమ్మ ఉన్న పాత అయిదు రూపాయల నోటు లక్షలు పలుకుతుందంటూ గత వారం మీ జిల్లా సంచికలో వచ్చిన వార్త చదివి, ఊరుకోవడానికి మనసొప్పక ఈ లేఖ రాస్తున్నాను.

ఇలాంటి వార్తలు నమ్మి మోసపోతున్నవారు ఎందరో ఉన్నారు. మా వీధిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు బీరువాలో దొరికిన నోటును ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే, కొంటానన్నవాడు రిజర్వు బ్యాంకు ముద్ర ఉన్న కాగితం చూపించి, మొదట రిజిస్ట్రేషన్ రుసుమనీ ఆ తర్వాత జీఎస్టీ అనీ విడతల వారీగా డబ్బు గుంజాడు. ఫిర్యాదు చేయబోతే సైబర్ నేరాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోన్ చేసుకోమని చెప్పి పంపించేశారు. తన పేరు చెప్పి పాత నోట్ల అమ్మకాలకు కమీషన్లు అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. ఆ ప్రకటనను తెలుగులో బ్యాంకు గోడకైనా అంటించాలన్న ఆలోచన ఇక్కడి అధికారులకు ఇంతవరకు రాలేదు.

పాత నోట్ల గురించి రాయదలిస్తే మన హైదరాబాద్ సంస్థానం నోట్ల కథ రాయవచ్చు కదా! మొదటి ప్రపంచ యుద్ధకాలంలో వెండికి కటకట ఏర్పడడంతో 1918లో నిజాం ప్రభుత్వం కాగితం నోట్లు తెచ్చింది. ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ భాషల్లోనూ విలువ రాసి ఉన్న ఆ నోట్లు లండన్‌లోని 'వాటర్‌లో అండ్ సన్స్' అనే ముద్రణాలయంలో అచ్చయ్యేవి. 1922 మే 20న ఫ్రాన్సు తీరానికి దగ్గరలో మునిగిపోయిన ఈజిప్ట్ అనే ఓడలో బంగారం, వెండితో పాటు ఇంకా సంతకాలు పడని నిజాం నోట్లూ ఉన్నాయి. సుమారు 400 అడుగుల లోతు నుంచి ఇటలీ డైవర్లు 1930లలో ఆ బంగారాన్ని వెలికితీసినప్పుడు, ఏళ్ల తరబడి సముద్రంలో నానిన ఆ కాగితాలు కూడా పైకి వచ్చాయి. నూరు కల్దారు (బ్రిటిష్ ఇండియా) రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ సిక్కా (నిజాం డబ్బు) లెక్కగట్టిన మన తాతల కాలపు డబ్బు అది. 1959 దాకా పూర్తిగా రద్దు కాలేదు.

అలాంటి నోటును ధర వస్తుందన్న ఆశతో లామినేషన్ చేయించి, చిరిగినచోట సెల్లోటేపు అంటించి పాడుచేస్తున్నారు. అతికించిన ప్లాస్టిక్ ఊడదీయబోతే అచ్చుతో సహా కాగితం పొర లేచిపోతుంది. జనాన్ని అనడానికేముంది, ప్రభుత్వ ప్రదర్శనశాలల తీరే అలా ఉంది. ఈమధ్య ఒకచోట నిజాం నోటును ఎర్రటి ఎండ పడే కిటికీ పక్కన పెట్టి, కింద 'పాత కరెన్సీ' అని రెండే మాటలు రాశారు. ఏ సంవత్సరానిది, ఎవరు అచ్చు వేయించారు అన్న వివరమే లేదు. హైదరాబాద్‌లోని సైఫాబాద్ టంకశాలలో 2022లో మ్యూజియం తెరిచినప్పుడు ఎంతో సంతోషించాను. జిల్లాల్లో కనీసం వివరాల పలకలైనా సరిగా రాయించలేరా?

రిజర్వు బ్యాంకు హెచ్చరికను గత వారం వార్త వేసిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాలతో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాత నోట్ల సేకర్త,
హనుమకొండ