క్లారినెట్ కొన్న ఏడాది: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఈసారి నివేదికలో సగానికి పైగా ఒక్క క్లారినెట్ గురించే ఉంటుంది, ఎందుకంటే ఉమ్మడి నిధిలో పెద్ద ముక్క దానికే పోయింది, ఆ లెక్క అడిగే హక్కు మీ అందరికీ ఉంది. మిగతావి ముందే చెప్పేస్తాను. నెలవారీ సాధన మానకుండా జరిగింది, చవితి, దసరా పందిళ్లలో మనవాళ్లు వాయించారు, పిల్లల క్లాసు మాత్రం ఎండాకాలంలో వెలవెలబోయింది (ఐపీఎల్ ముందు మనమెంత!). చందా బకాయి ఉన్నవాళ్లకు కోశాధికారి గారే ఫోన్ చేస్తారు, ఇక్కడ పేర్లు రాయను.

ఇక అసలు సంగతి. బీచ్ రోడ్డులో సాయంత్రం వాయిస్తే ముందు రెండు వరసలకే వినపడుతోందని ఎప్పట్నుంచో గొణుగుడు ఉంది. ఆరుబయట గోడలుండవు, పైగా సముద్రపు హోరు. సోలో వాయించేవాళ్లకు సంఘం తరఫున ఒక ప్రొఫెషనల్ వాద్యం కొందామని అందుకే తీర్మానించాం. ఫ్రెంచి కంపెనీ బఫే క్రాంపాన్ వాళ్ల క్లారినెట్ ఆర్13 కొందామని కొందరు (1955 నుంచీ వస్తున్న మోడల్, ఆర్కెస్ట్రాల్లో ఎక్కడ చూసినా అదే), యమహా అని కొందరు. కొత్త ఆర్13 అయితే మూడు లక్షల పైమాటే, దాని మీద కస్టమ్స్ వేరే.

వాదించుకుంటే తేలదని తెలిసినవాళ్ల దగ్గర అరువు తెచ్చి, ఒక హాల్లో ఒకే మనిషి చేత, నోట్లో పెట్టుకుని ఊదే ఒకే మౌత్‌పీస్‌తో అన్నీ వాయించి చూశాం. వినేవాళ్లు చివరి వరసలో వీపు తిప్పి కూర్చున్నారు. వాయించినాయనకు "అబ్బ, ఎంత నిండుగా ఉందో" అనిపించినది వెనక్కి వచ్చేసరికి మందకొడిగా ఉంది. కొంచెం గరుకుగా ఉందని ఆయన పక్కన పెట్టబోయినది మాకు ఒక్కో స్వరం విడివిడిగా, స్పష్టంగా వినిపించింది. వాయించేవాడికి సొంత నాదం పళ్లు, ఎముకల ద్వారా కూడా చేరుతుంది, వెనక కూర్చున్నవాళ్లకు ఆ సౌకర్యం లేదు. మనిషి చెవి 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ దగ్గర బాగా చురుగ్గా ఉంటుంది, ఆ మేర బలం ఉన్న వాద్యమే హోరులోంచి బయటపడుతుంది. కాబట్టి ఎవరు క్లారినెట్ కొన్నా సరే, వినడానికి ఒక మనిషిని వెంట తీసుకెళ్లండి.

ఇంకో విషయం చాలామందికి రుచించలేదు. అదే వాద్యానికి మౌత్‌పీస్ మార్చి చూస్తే, వాద్యం మార్చినప్పటికంటే ఎక్కువ తేడా కనిపించింది. వాన్‌డోరెన్ కంపెనీ మౌత్‌పీసుల్లో 5ఆర్‌వీకి మూతి దగ్గర తెరుపు 1.065 మిల్లీమీటర్లు, బీ45కి 1.195. కాస్త మెత్తటి రీడుతో (మౌత్‌పీస్‌కి బిగించే పల్చటి బద్ద) బీ45 ఆరుబయట బాగా పలికింది, గమకాలకు పెదవి ఆడించడానికీ చోటు దొరికింది. క్లారినెట్ మీద కర్ణాటక సంగీతం వాయించిన తిరుచ్చి ఏ.కె.సి. నటరాజన్ గారి కచేరీలు విన్నవాళ్లకు గమకం ఎందుకంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. ఇక రంధ్రాలు మూసే ప్యాడ్లు లీకైతే ఎంత ఖరీదు వాద్యమైనా మంద్రస్థాయిలో నీరసపడిపోతుంది.

అందుకే కొత్తది వద్దని చేతులెత్తి తేల్చాం. సెకండ్‌హ్యాండ్ ఆర్13, మీటలకు నికెల్ పూత ఉన్నది తీసుకున్నాం. చెక్కలో పగుళ్లు, అతికిన గుర్తులు ఉన్నాయేమో చూసి, ప్యాడ్లూ కార్కులూ మార్పించాం. వెండి పూత అందమే గాని రేటెక్కువ, పైగా నల్లబడుతుంది. నికెల్‌కి చెమటలో వేళ్లు జారతాయి, అది భరించాలి. మిగిలిన డబ్బుతో రెండు మౌత్‌పీసులు, పొడవు బ్యారెల్ (మౌత్‌పీస్ కింద తగిలించే గొట్టం ముక్క) ఒకటి కొన్నాం. మన ఎండకు క్లారినెట్ శ్రుతి ఎక్కిపోతుంది, హార్మోనియం ఉన్నచోటే ఉంటుంది, గొట్టం పొడవైతే శ్రుతి దిగుతుంది, అందుకే ఈ బ్యారెల్.

మైకు పెట్టేవాళ్లకు ఒక్క మాట: దాన్ని తీసుకెళ్లి కింద గరాటులా ఉండే బెల్‌లో దూర్చకండి. ఎక్కువ స్వరాలకు నాదం తెరిచిన రంధ్రాల్లోంచే వస్తుంది, బెల్‌లోంచి ప్రధానంగా వచ్చేది దాదాపు అన్నీ మూసినప్పుడే. నడిమి మీటల ఎదురుగా, కొంచెం దూరంలో పెట్టండి.

వాద్యం కార్యదర్శి ఇంట్లో ఉంటుంది, కావలసినవాళ్లు ముందుగా చెప్పి తీసుకెళ్లవచ్చు. రీడు ఎవరిది వాళ్లదే. వాయించాక లోపల తుడవాలి, ఎండలో కారులో వదిలేయకూడదు, ఏసీ హాల్లోకి వెళ్లగానే వాయించెయ్యకుండా కాసేపు చేతుల్లో వెచ్చబడనివ్వాలి, ఎందుకంటే ఈ వాద్యం చేసిన గ్రెనడిల్లా చెక్క ఒక్కసారి వేడికీ చలికీ మారితే పగలొచ్చు. పగిలితే బాగు ఖర్చు తీసుకెళ్లినవాళ్లదే, దీని మీద అభ్యంతరం ఉంటే సర్వసభ్య సమావేశంలో చెప్పండి.