పెరటి కోళ్లకూ నట్టల మందు ఇప్పించండి

తెలంగాణ పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గొర్రెలకు, మేకలకు మీ శాఖ నట్టల (పేగుల్లో పెరిగే పురుగుల) మందు తాగిస్తోంది. మందు పడ్డాక జీవాలు తేరుకోవడం వరంగల్ జిల్లాలో మేం కళ్లారా చూస్తున్నాం. అదే వాకిట్లో తిరిగే నాటుకోడిని కూడా పట్టించుకోమని అడగడానికే ఈ లేఖ.

కోడి చచ్చిందంటే ఊళ్లో అందరూ తెగులొచ్చిందనే అంటారు. కొక్కెర తెగులు గుంపులకు గుంపులనే తుడిచిపెడుతుంది, నిజమే. నట్టలు అట్లా ఒక్కసారిగా చంపవు. పెట్ట మేత తింటూనే చిక్కిపోతుంది, ఎత్తి పట్టుకుంటే రొమ్ము ఎముక చేతికి గుచ్చుకుంటుంది. తురాయి పాలిపోతుంది, గుడ్లు తగ్గుతాయి. కోసినప్పుడు పేగు చీల్చి చూడండి, తెల్లటి ఏలికపాములు వేలెడు పొడవున సేమియా ముద్దలా చుట్టుకొని ఉంటాయి. కోడిపిల్లలకైతే పేగే మూసుకుపోవచ్చు.

ఈ ఏలికపాముల గుడ్లు రెట్టతో నేలమీద పడి, వానాకాలం తడికి రెండు మూడు వారాల్లో సోకే దశకు వస్తాయి. నెలల తరబడి మట్టిలో బతుకుతాయి. కోడి మళ్లీ అక్కడే గీకి తింటుంది. బద్దె పురుగులనే (టేప్‌వార్మ్) ఇంకో రకం నట్టలేమో చీమలు, పేడపురుగులు, నత్తల వల్ల వస్తాయి. తిరిగి మేసే కోడిని వాటిని తినకుండా ఎవరాపుతారు?

మాకు షాపుల్లో దొరికేవన్నీ ఫారాల లెక్కకు చేసిన పెద్ద డబ్బాలు. నాలుగు కోళ్లున్న ఆడమనిషి అందులోంచి ఎంత కలపాలి? కొందరు గొర్రెల మందే అందాజుగా పోస్తున్నారు. పైపరజిన్ అనే నట్టల మందు ఏలికపాములకు పనిచేస్తుంది గానీ బద్దె పురుగులను ఏమీ చేయదు. కోడిపిల్లలు రక్తపు రెట్ట వేస్తుంటే అది చాలాసార్లు నట్టలు కాదు, కాక్సిడియోసిస్ అనే వేరే పేగు జబ్బు, దానికి ఆంప్రోలియం లాంటి వేరే మందు కావాలి. రెట్టను మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే చాలావరకు తేలిపోతుంది. మామునూరులో పశువైద్య కళాశాలే ఉంది కదా, అక్కడి విద్యార్థులతో ఊళ్లల్లో ఈ పరీక్షలు చేయించండి.

గొర్రెల మందుతో వచ్చే టీమే కోళ్లకూ చిన్న ప్యాకెట్లు తేవాలి. మోతాదుతో పాటు, మందిచ్చాక ఎన్ని రోజులు గుడ్లు, మాంసం తినకూడదో తెలుగులో రాసి ఉండాలి. మహిళా సంఘాలకు వనరాజా, గ్రామప్రియ రకాల కోడిపిల్లలను ఇచ్చే రోజే నట్టల మందు ఎప్పుడెప్పుడు వేయాలో రాసిన షెడ్యూల్ కూడా చేతిలో పెట్టాలి. నట్టలతో నీరసించిన కోడికి టీకా వేసినా సరిగా పట్టకపోవచ్చు, అందుకే నట్టల మందు ముందు పడాలి.

కోడి, గుడ్డు అమ్మిన డబ్బు ఆడవాళ్లు ఎవరినీ అడగకుండా ఖర్చుపెట్టుకునే డబ్బు సార్. వానలు మొదలయ్యేలోపు ఆదేశాలివ్వాలని వేడుకుంటున్నాను.

ఇట్లు,
మహిళా సంఘం సభ్యురాలు,
వరంగల్ జిల్లా