ముందు 108కి ఫోన్ చేయనివ్వండి

సంపాదకులకు,

అనంతపురంలో మేం మగపిల్లల ప్రైవేటు హాస్టల్ నడుపుతున్నాం. ఉండేదంతా ఇంజినీరింగ్, డిగ్రీ పిల్లలే. సెమిస్టర్ పరీక్షలు అయిపోయిన రాత్రో, ఎవరిదైనా బర్త్‌డే రాత్రో పైఅంతస్తులో మందు సిట్టింగ్ జరిగితే, మర్నాడు బాత్రూములు కడిగే ఆమె వచ్చి చెబుతుంది. తాగొద్దని కాలేజీల్లో సదస్సులు పెడుతున్నారు, పెట్టనివ్వండి. నేను రాసేది తాగి పడిపోయాక జరిగే సంగతి.

పడిపోయినవాణ్ణి స్నేహితులు దాచేస్తారు. గదికి గడియ పెట్టి, ముఖాన నీళ్లు కొట్టి, నిమ్మరసం, మజ్జిగ పోస్తారు. తలుపు తడితే "ఫుడ్ పాయిజన్ ఆంటీ, పడుకుంటే తగ్గిపోతుంది" అంటారు. కాలేజీకి తెలిస్తే సస్పెన్షన్, హాస్టల్‌కి తెలిస్తే సామాను బయట, ఊళ్లో నాన్నకు ఫోన్. శెనక్కాయలు అమ్మి ఫీజు కట్టిన నాన్న ఆయన. భయపడరా మరి?

కానీ గ్లాసు పక్కన పెట్టాక కూడా కడుపులోని మందు రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. "పడుకున్నాడులే" అనుకున్నవాడి పరిస్థితి కాసేపటికి ఇంకా విషమించొచ్చు. వెల్లకిలా ఉన్నప్పుడు వాంతి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మజ్జిగతో మత్తు దిగదు, పైగా స్పృహ లేనివాడి నోట్లో ఏం పోసినా గొంతుకు అడ్డం పడుతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఒకరు దగ్గరే ఉండి, 108కి ఫోన్ చేయాలి.

అందుకే కాలేజీలు నోటీసు బోర్డులో ఒక్క మాట రాసి పెట్టాలి: తోటివాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లిన పిల్లల మీద, ఆ పిల్లాడి మీద కూడా, ఆ రాత్రి తాగినందుకు చర్య ఉండదని. అమెరికాలో చాలా యూనివర్సిటీల్లో ఈ నియమం ఉంది. కోలుకున్నాక ఇంట్లో చెప్పండి, కౌన్సెలింగ్‌కి పంపండి. మానలేనివాళ్లకు 14446 టోల్‌ఫ్రీ నంబరు ఉంది.

ఇలాగైతే పిల్లలకు అలుసవుతుందని మావారే అంటున్నారు. అలుసు వైన్ షాపు దగ్గర మొదలవుతోంది. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివారికి మందు అమ్మకూడదు. బీటెక్ మొదటి ఏడాది పిల్లలకు 18 దాటితే గొప్ప. 2024 అక్టోబరు నుంచి క్వార్టర్ 99 రూపాయలకే దొరుకుతోంది. కౌంటర్‌లో ఆధార్ అడిగారని మా పిల్లల్లో ఒక్కడూ చెప్పలేదు. కఠినంగా ఉండాలంటే అక్కడ ఉండండి.

మా హాస్టల్ గోడకు ఈ నియమం అంటించాం. "మీరు సరే ఆంటీ, మా ప్రిన్సిపాల్ ఒప్పుకుంటాడా?" అని ఒకడు అడిగాడు. దానికి జవాబు ప్రిన్సిపాళ్లే రాసివ్వాలి.

– ఒక హాస్టల్ నిర్వాహకురాలు, అనంతపురం