సతీష్ భాస్కర్ గారి గురించి

సభ్యులందరికీ నమస్కారం. నిన్న రాత్రి జోడుగుళ్లపాలెం తీరంలో గుడ్లు పెట్టి సముద్రంలోకి తిరిగి వెళ్తున్న ఆలివ్ రిడ్లీ తాబేలును చూస్తున్నంతసేపూ, మన దేశంలో సముద్ర తాబేళ్ల అధ్యయనానికి బాట వేసిన సతీష్ భాస్కర్ గారే నాకు గుర్తుకొచ్చారు. తాబేళ్ల జాడ కోసం వేల కిలోమీటర్ల తీరాన్ని కాలినడకన గాలించిన ఆయన, 1982లో పచ్చ తాబేళ్లు గుడ్లు పెట్టే తీరును నమోదు చేయడానికి, లక్షద్వీప్‌లో జనసంచారం లేని సుహేలీ వలియకర దీవిలో వానాకాలమంతా, సుమారు ఐదు నెలలు, ఒంటరిగా ఉండిపోయారు. అక్కడి నుంచి భార్యకు రాసిన ఉత్తరాన్ని సీసాలో పెట్టి సముద్రంలో వదిలితే, అది 24 రోజులకు శ్రీలంకలో ఒక మత్స్యకారుడికి దొరికింది. ఆ పుణ్యాత్ముడు దాన్ని ఆమెకు పోస్టులో పంపించాడు. భాస్కర్ గారు 2023లో కన్నుమూశారు. నాకు ఆరాధ్యుడు ఎవరని అడిగితే ఆయన పేరే చెబుతాను.