మట్టికి మూడేళ్లు గడువివ్వండి: పురపాలక శాఖ మంత్రి గారికి శ్రీకాకుళం నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

శ్రీకాకుళంలో ఒక కాలనీలో ఇరవై ఏళ్లుగా కాపురముంటున్న గృహిణిని నేను. మా వీధి చివర లేఔట్‌లో వదిలిన ఖాళీ స్థలం ఒకటుంది, ఎనిమిది సెంట్లు. పదకొండు ఇళ్ల వాళ్లం కలిసి అందులో మూడేళ్లు కూరగాయలు పండించుకున్నాం. కిందటి ఏడాది రథసప్తమి వెళ్లిన మూడో వారంలో జేసీబీ వచ్చి ఒక్క పూటలో అంతా చదును చేసేసింది. ఎవరు ఫిర్యాదు చేశారో, ఎవరు పంపారో మాకు ఈ రోజుకీ తెలీదు. ఎవరినో నిందించడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ స్థలంలో మొక్కలు వేసుకోవచ్చని మా చేతిలో ఒక్క అనుమతి కాగితం ఉన్నా అలా జరిగేది కాదు. ఆ కాగితం ఇప్పించమని అడగడానికే రాస్తున్నాను.

మొదట గునపం వేసినప్పుడు టంగుమని మోగింది. చుట్టూ ఇళ్లు కట్టినప్పుడు పారబోసిన ఇటుక ముక్కలు, గడ్డకట్టిన సిమెంటు, ప్లాస్టిక్ కవర్లు. నాలుగు ఆదివారాలు అవి ఏరడానికే సరిపోయింది. మాలో వ్యవసాయం తెలిసింది ఒక్క మామ్మకే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో వాళ్ల కొబ్బరి చెట్లు కూకటివేళ్లతో లేచిపోయాక కొడుకు దగ్గరికి వచ్చేసిన పెద్దావిడ. పిడికెడు మట్టి తీసి నలిపి, వాసన చూసి, “ఈ మన్ను సచ్చిపోనాదమ్మా. ముందు దీనికి కూడెట్టాల” అంది.

అలాగే పెట్టాం. పదకొండు ఇళ్ల కూరగాయల తొక్కలు, రాలిన ఆకులు, పక్క వీధి పాలవాళ్ల దగ్గర పేడ. మూలన గొయ్యి తీసి కంపోస్టు చేశాం. మట్టికి బలమిచ్చే జీవామృతం అనే ద్రవ ఎరువు కూడా మేమే కలుపుకున్నాం. ఎకరానికైతే రెండు వందల లీటర్ల నీళ్లకి పది కిలోల పేడ, గోమూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు మట్టి అని చెబుతారు కదా. మా ఎనిమిది సెంట్లకి అందులో పదో వంతు, ఒక ఇరవై లీటర్ల బకెట్టు చాలు. నీడలో పెట్టి, పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పి, రెండు రోజులాగి పోసేవాళ్లం. అయినా మొదటి ఏడాది బెండ మొక్కలు జానెడు కూడా లేవలేదు. రెండో వానాకాలానికి గాని మట్టిలో వానపాము కనబడలేదు. కనబడిన రోజు మామ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని ఇంటింటికీ తిరిగి చూపించింది.

ఆ తర్వాత ఇక వెనక్కి చూడలేదు. తోటకూర, బచ్చలి, గోంగూర కొనే పని ఏ ఇంటికీ లేకుండా పోయింది. పందిరి మీద ఒక పక్క ఆనప, ఇంకో పక్క బీర, కంచె పొడుగునా చిక్కుడు. రథసప్తమికి అరసవల్లి వెళ్లే జనంతో మా దారంతా నిండిపోతుంది, మీకు తెలిసిందే. ఆ తెల్లవారుజామున చిక్కుడాకుల కోసం మా కాలనీ ఆడవాళ్లందరూ పాదు దగ్గరికే వచ్చారు. పిల్లలు కాయలు కోసి, పుల్లలు గుచ్చి రథాలు చేశారు. పదో తరగతి చదివే మా పక్కింటి అమ్మాయి చిక్కుడు పువ్వు ఊదా రంగులో ఉంటుందని అప్పుడే చూసింది.

మూడు వారాలు తిరక్కుండానే జేసీబీ వచ్చింది. పై మట్టంతా గీకి ప్రహరీ మూలకి నెట్టేసింది. మొక్కలు మళ్లీ వేసుకోవచ్చు గానీ ఆ మన్ను ఎక్కడి నుంచి తెస్తామని మామ్మ ఏడ్చింది. ఏడాది దాటింది. అక్కడ పార్కు రాలేదు, ట్యాంకు రాలేదు. వయ్యారిభామ కలుపు నడుమెత్తు పెరిగింది, పక్కిళ్ల పిల్లలకి దానివల్ల దద్దుర్లు.

ఖాళీ స్థలంలో మొక్కలు వెయ్యనిస్తే రేపు కంచె, ఎల్లుండి షెడ్డు, ఆ తర్వాత కోర్టు కేసు అని అధికారులు భయపడతారు. ఆ భయం సబబే, అలా పోయిన స్థలాలు నేనూ చూశాను. అందుకే మాకు హక్కు వద్దు, అనుమతి చాలు. అది కూడా మనిషి పేరు మీద కాకుండా సంఘం పేరు మీద ఇవ్వండి. ఇటుక పెట్టకూడదని, బోరు వెయ్యకూడదని, వెదురు పందిరి దాటి ఏదీ కట్టకూడదని రాయండి. సంతకాలు పెడతాం. కానీ గడువు మాత్రం మూడేళ్లకి తగ్గకూడదు. మట్టి దారికి రావడానికే రెండేళ్లు పడుతుందని మేం కళ్లారా చూశాం. ఎప్పుడు పొమ్మంటారో తెలియని చోట ఎవరూ పేడ మొయ్యరు. మధ్యలో ఆ స్థలం ప్రభుత్వానికి నిజంగా కావలసివస్తే ఒక పంట ముందు చెప్పండి, కోసుకుని తప్పుకుంటాం.

ఇది కొత్త సంగతేం కాదు. బ్రిటన్‌లో 1908లోనే దీనికి చట్టం చేశారు. ఊళ్లో ఆరుగురు ఓటర్లు కలిసి కూరగాయల మడికి స్థలం కావాలని రాసిస్తే స్థానిక కౌన్సిలు ఆ అర్జీని పట్టించుకుని తీరాలి. 1925లో ఇంకో చట్టం తెచ్చి, అందుకోసమే తీసుకున్న స్థలాన్ని మంత్రి అనుమతి లేకుండా అమ్మకూడదన్నారు. క్యూబాలో 1991లో సోవియట్ సాయం ఆగిపోయి ఎరువులు, డీజిలు కరువైనప్పుడు హవానా నగరవాసులు ఖాళీ స్థలాల్లోనే కూరగాయలు పండించారు. ప్రభుత్వం ఆ నేలని వాళ్లకి వాడుకోవడానికి ఇచ్చింది, యాజమాన్యం మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. మేం అడుగుతున్నదీ అదే.

మన దగ్గర స్థలం లేదనడానికి లేదు. లేఔట్ వేసిన ప్రతివాళ్లూ పది శాతం ఖాళీగా వదిలి పురపాలక సంస్థకి అప్పగించాలని మీ నిబంధనల్లోనే ఉంది. 2016 నుంచి రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం నేర్పుతున్నారు, పల్లెల్లో తిరిగే ఆ సిబ్బందిలో ఒకరిని నెలకోసారి పట్నానికి పంపితే చాలు. డ్వాక్రా అక్కచెల్లెళ్ల సంఘాలు ప్రతి వార్డులోనూ ఉన్నాయి. చెత్తబండి ఎక్కేదాంట్లో దాదాపు సగం తడిచెత్తే, అది వీధి దాటి వెళ్లకుండానే ఎరువైపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. మురుగునీరు పెడితే అనుమతి రద్దు అని షరతుల్లో మొట్టమొదట రాయండి. పాత బ్యాటరీలు, రంగుల డబ్బాలు పారేసిన నేలలో సీసం ఉండొచ్చు, అది ఆకుకూరల్లోకి ఎక్కుతుంది. స్థలం ఇచ్చే ముందు మట్టి పరీక్ష చేయించండి. బాగోలేని చోట పూలమొక్కలే వేసుకుంటాం. పిల్లలు తినే కూర కదా, ఇందులో ఎవరి మొహమాటమూ పనికిరాదు.

ముందు మా శ్రీకాకుళంలో నాలుగైదు వార్డుల్లో మొదలుపెట్టి చూడండి. ఒక కుళాయి, ఒక కాగితం ఇస్తే చాలు, మిగతా పని మాది. ఉద్యానవనమన్న మాటే ఉద్దానం అయిందని మా వైపు చెప్పుకుంటారు. అలాంటి జిల్లాలో పార పట్టడం తెలిసిన పెద్దవాళ్లు ఇవాళ అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో ఊరికే కూర్చుని ఉన్నారు.

జేసీబీ వచ్చిన రోజు తెగిపడిన పాదు మీద ముదిరిన కాయలు కొన్ని ఏరి, మామ్మ గింజలు వొలిచి బూడిదలో కలిపి సీసాలో దాచింది. చిక్కుడు ఆషాఢంలో పెట్టాలి. ఆ లోపు మీ జవాబు వస్తుందని ఎదురుచూస్తుంటాం.

ఇట్లు,
శ్రీకాకుళం నగరవాసి